కోపాగ్నిని చల్లార్చుకొన్న శివయోగి: సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు

శివయోగమనగానే పద్మాసనము, ప్రాణాయామము, కన్నులు మూసికొని కూర్చుండుట అను భావము మన ఇండ్లలో బలపడియున్నది. సొన్నలిగె సిద్ధరామేశ్వరుని జీవితమును చదివినవారు ఆ భావమును కొంత సవరించుకొనక తప్పదు. ఆయన యోగము మట్టితో ఆరంభమై, నీటితో పెరిగి, నిప్పు యెదుట పరీక్షకు నిలిచినది.

సొన్నలిగె యనగా నేటి మహారాష్ట్రమునందలి సోలాపురము. 12వ శతాబ్దమున అచట ముద్దుగౌడ, సుగ్గవ్వ దంపతులకు ఆయన జన్మించెను. బాల్యమున మాటాడక, ఎవరితోను కలియక యుండుటచే ఊరివారు ఆయనను మందబుద్ధిగా తలచి, పసులవెంట పంపిరట. ఒకనాడు చేనికడకు ఒక జంగమయ్య వచ్చి, తాను శ్రీశైల మల్లయ్యనని చెప్పి, లేత వెన్నులు కాల్పించుకొని తినెను. కడుపు మండుచున్నదని పెరుగన్నము కోరెను. బాలుడు ఇంటికి పరుగిడి అన్నము తెచ్చునప్పటికి అతిథి లేడు. మల్లయ్యను పిలుచుచు, ఏడ్చుచు బాలుడు చేలన్నియు తిరిగెను. శ్రీశైలయాత్రకు పోవు భక్తులు దారిలో కనబడగా వారివెంట నడచెను.

శ్రీశైలమున భక్తులు గర్భగుడిలోని లింగమును చూపిరి. తన చేతి వెన్నులు తిన్న మల్లయ్య ఇదియని బాలుడు ఒప్పుకొనలేదు. అడవియంతయు వెదకి, ఆశ యుడిగి, లోయలోనికి ఉరుకబోవునంతలో మల్లికార్జునుడు చేయి పట్టి ఆపెననియు, సొన్నలిగెకు మరలిపోయి దానిని రెండవ శ్రీశైలముగా చేయుమని ఆనతిచ్చెననియు భక్తుల కథనము. బిడ్డ దుఃఖమెరిగిన తల్లులకు ఈ ఘట్టమును విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ దుఃఖమునకు ఆయన కనుగొన్న మందు పని. వానలు తక్కువగా కురియు నల్లరేగడి సీమ యది. వేసవిలో నేల బీటలు వారును, వానకు ఉబ్బును. అట్టి నేలపై ఆయన గుడి కట్టించెను, చెరువు త్రవ్వించెను, 68 లింగములను ప్రతిష్ఠించెను. వేలకొలది కూలీలు మట్టి మోసిరి. శోకమును అణచివేయక, దానిని పలుగు పార అప్పగించి అరుగదీయుట కూడ ఒక సాధనయే యని నాకు తోచును. ఇల్లాలు దుఃఖములో నుండి లేచి వాకిలి అలుకుట వంటిదే యిది.

కాని మట్టియు నీరును వశమైనంత మాత్రమున నిప్పు వశము కాదు. అల్లమప్రభువు ఒకనాడు చెరువు కడకు వచ్చి, ఆ ఒడ్డె సిద్ధరాముడెక్కడ యని కూలీలను ఎగతాళిగా అడిగెను. గురునింద సహింపలేక వారు రాళ్లు రువ్విరి; అవి ప్రభువును తాకలేదు. వార్త విన్న సిద్ధరాముడు కోపముతో వచ్చి నుదుటికన్ను తెరచెనట. ఆ మంట ప్రభువు పాదముల కడ అణగిపోయెను. శూన్యసంపాదనము ఈ సమాగమమును విపులముగ వర్ణించుచున్నది. అన్నేండ్ల ధర్మకార్యము వెనుక నాది యను మమకారము దాగియున్నదని సిద్ధరామునకు అప్పుడు తెలిసెను. తన కీర్తిపై ఒక్క మాట పడగానే మండిపోవు మనస్సు ఎంత చెరువు త్రవ్వినను చల్లబడదు.

ప్రభువువెంట ఆయన కల్యాణమునకు పోయెను. అచట తనకంటె చిన్నవాడైన చెన్నబసవణ్ణ ముందు తలవంచి ఇష్టలింగదీక్ష పొందెను. పెద్ద గుడి కట్టించినవాడు అరచేతిలోని లింగమునకు దాసుడయ్యెను. ఈ వినయమును తలచినప్పుడెల్ల నాకు ఆయన చెరువుకంటె ఇదియే గొప్పగా కనబడును.

షట్స్థల క్రమమున భక్తునికి పృథ్వి, మహేశునికి జలము, ప్రసాదికి అగ్ని, ప్రాణలింగికి వాయువు, శరణునికి ఆకాశము, ఐక్యునికి ఆత్మ అంగములని పెద్దలు నిర్ణయించిరి. అగ్ని ప్రసాదిస్థలమున నుండుటను గమనింపవలెను. వచ్చినదెల్ల లింగమునకు అర్పించి ప్రసాదముగ గ్రహించువాడు ప్రసాది. అన్నము మాత్రమే కాదు, నిందయు అతనికి ప్రసాదమే. అట్టివానిలో జఠరాగ్ని ఆకలిని తీర్చును గాని, కోపమై ఎదుటివారిని కాల్చదు. పంచాక్షరియందలి నకారము మొదలు యకారము వరకు గల అయిదు అక్షరములును క్రమముగా ఈ అయిదు భూతములకే చెందును. ప్రతిదినము భస్మము ధరించి, ఇష్టలింగమునకు నీరు పోసి, అరచేత నిలిపి రెప్పవాల్చక చూచుచు, ఊపిరితో పంచాక్షరి జపించువారు ఈ భూతములన్నిటిని తాకుచునే యున్నారు. పూజ ముగిసి లేచిన వెంటనే కోడలిపై కేకలు వేసినచో, మనమింకను సిద్ధరాముని చెరువుగట్టుననే నిలిచియున్నామన్నమాట.

కల్యాణమున కల్లోలము చెలరేగి శరణులు చెదరిన పిమ్మట సిద్ధరాముడు సొన్నలిగెకు మరలెను. కపిలసిద్ధ మల్లికార్జున అంకితముతో ఆయన పలికిన వచనములు వేయికి పైగా లభించినవి. చెరువు పని మానలేదు. నాది యను మాట మాత్రము మానెను. తుదకు తాను కట్టించిన గుడి ప్రాంగణముననే సమాధి చెందెను. సోలాపురమున నేటికిని నీటి నడుమ ఆ గుడి యున్నది. మకరసంక్రాంతికి నందిధ్వజములు ఊరేగును. 68 లింగములకు తైలాభిషేకము జరుగును. తెలుగు పలుకు నేతపనివారి కుటుంబములు అనేకము గల ఆ నగరమున, ఆ దినములలో మన మాటయు గట్టున వినబడుచుండును.