మైకేల్ ఫారడే

వెండి గిన్నెలను, పట్టీలను చిరకాలము వాడక యుంచినచో వానిపై నల్లని పొర యేర్పడును. గాలిలో మిక్కిలి స్వల్పముగా నుండు గంధక సంబంధమైన వాయువులు వెండితో కలియుటచే ఆ నలుపు పుట్టును. రసాయన శాస్త్రమున దానిని సిల్వరు సల్ఫైడు అందురు. ఇల్లాండ్రు దానిని మాలిన్యముగా నెంచి తోమివేయుదురు. అట్టి నల్లని పదార్థమునందు దాగియున్న ఒక ప్రకృతి రహస్యమును మొదట కనుగొని లోకమునకు తెలిపిన మహనీయుడు మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగర సమీపమందలి న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఆయన తరచు వ్యాధిగ్రస్తుడగుచుండుటచే కుటుంబ పోషణము కష్టమయ్యెను. 1801వ సంవత్సరమున ఆహార పదార్థముల ధరలు మిక్కిలి పెరిగినపుడు బాలుడగు మైకేలునకు వారమంతటికి ఒకే రొట్టె లభించెడిదని చెప్పుదురు. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు తప్ప అతనికి బడిచదువు అబ్బలేదు.

1804వ సంవత్సరమున అతడు రీబో అను పుస్తక విక్రేత యొద్ద చేరి, ఇంటింటికి వార్తాపత్రికలు చేరవేయుచుండెను. మరుసటి యేడు అచ్చటనే పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒప్పందము చేసికొనెను. కుట్టుటకు వచ్చిన పుస్తకములను కుట్టి ఊరకుండక, వానిని చదువుటకు కూడ అతడు అలవాటుపడెను. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వమున విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషీమణి రచించిన రసాయన శాస్త్ర గ్రంథమును అతని మనస్సును హరించెను. చదివినదానిని వెంటనే నమ్మక, చేతనున్న కాసులతో సామగ్రి కొని, ప్రయోగము చేసి సరిచూచుకొనెడివాడు. ఈ గుణమే తరువాత అతనిని మహాశాస్త్రజ్ఞునిగా చేసెను.

ఆ కాలమున రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు సర్ హంఫ్రీ డేవీ చేయు ఉపన్యాసములకు గొప్ప ప్రఖ్యాతి కలదు. 1812వ సంవత్సరమున దుకాణమునకు వచ్చు పెద్దమనిషి యొకడు వానికి ప్రవేశపత్రము లిచ్చెను. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, శ్రద్ధతో వ్రాసికొని, పటములు గీసి, తన చేతితోనే గ్రంథముగా కుట్టి డేవీకి పంపి, శాస్త్రసేవకు అవకాశ మిమ్మని ప్రార్థించెను. 1813వ సంవత్సరము మార్చి నెలలో డేవీ అతనిని ప్రయోగశాల సహాయకునిగా నియమింపజేసెను. గిన్నెలు కడుగుట మొదలు ప్రయోగములకు సామగ్రి అమర్చుట వరకు ప్రతి పనియు ఫారడేకు పాఠమే అయ్యెను.

1821వ సంవత్సరమున విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు నిర్విరామముగా తిరుగునట్లు ఆయన చేసి చూపెను. కాని అదే విషయమున అంతకుముందు కృషి చేసిన వొలాస్టన్ పండితుని పేరును వ్యాసమున పేర్కొనకుండుటచే, పరుల భావమును అపహరించెనను నింద ఆయనపై పడెను. 1823వ సంవత్సరమున రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఆయన పేరు వచ్చినపుడు గురువగు డేవీయే వ్యతిరేకించెను. ఎన్నిక జరిగినను ఆ వేదన ఆయనను చాలకాలము విడువలేదు. అయినను ఆయన పగబూనక, పనియందే మనస్సు నిలిపెను. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆయన విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను. నేటి విద్యుజ్జనకములకు ఆ సూత్రమే ఆధారము. 1832వ సంవత్సరము నుండి తన ప్రయోగ దినచర్యలో ప్రతి పరిశీలనకును వరుస సంఖ్య వేయుట మొదలుపెట్టెను. ఆ సంఖ్య తుదకు 16,041 వరకు సాగెను. ఫలించిన ప్రయోగములతోపాటు విఫలమైనవి కూడ అందు చోటుచేసికొనెను.

1833వ సంవత్సరమున మంచుగడ్డ విద్యుత్ప్రవాహమును ఆపివేయుట ఆయన గమనించెను. ఆ మంచు కరిగి నీరైనంతనే ప్రవాహము సాగెను. ఇతర పదార్థములను పరీక్షింపగా, ఘనస్థితిలో విద్యుత్తును అడ్డగించు పెక్కు పదార్థములు కరిగినపుడు దానిని పోనిచ్చుచున్నవని తేలెను. ఇట్లొక నూతన నియమము ఆయనకు లభించెను.

ఆ వరుసలో సిల్వరు సల్ఫైడు వంతు వచ్చెను. దానిని రెండు ప్లాటినము తీగల నడుమ నుంచి, బ్యాటరీతోను, ప్రవాహమును చూపు గాల్వనోమీటరుతోను కలిపెను. చల్లగా నున్నపుడు ప్రవాహము మిక్కిలి బలహీనము. క్రింద దీప ముంచగా వేడితోపాటు ప్రవాహము వేగముగా హెచ్చి, తుదకు ఆ పదార్థము లోహమువలె విద్యుత్తును పోనిచ్చెను. చిత్రమేమనగా, అది కరుగలేదు. దీపము తీసివేయగా ప్రవాహము క్రమముగా తగ్గిపోయెను. ఒక్కొక్కప్పుడు బ్యాటరీ నుండి వచ్చు ప్రవాహమే ఆ పదార్థమును వేడిచేయుటచే, దీపము లేకయే ప్రవాహము పెరుగుటయు ఆయన చూచెను.

ఈ ఫలితము రెండు విధముల ఎదురు నడచెను. కరగనిదే విద్యుత్తు ప్రవహింపదను తన క్రొత్త నియమమునకు ఇది లొంగలేదు. లోహములు వేడెక్కినకొలది విద్యుత్తును తక్కువగా పోనిచ్చునని డేవీ అంతకుముందే చూపియుండెను. ఇది దానికి కూడ విపరీతము. నింద నెరిగిన వాడు, నియమమును స్థాపింపగోరు వాడు, అడ్డువచ్చిన ఒక్క పదార్థమును పేర్కొనక విడిచినను అడుగువారు లేరు. కాని ఫారడే అట్లు చేయలేదు. తన వ్యాసముననే దానికి స్థానమిచ్చి, చూచినది చూచినట్లు వ్రాసి, ఇటువంటి పదార్థము మరియొకటి తనకు తెలియదని ప్రకటించెను. కారణము తనకు స్పష్టము కానిచోట కల్పించి చెప్పలేదు.

ఆ కారణము ఆనాడు ఎవరికిని అందునది కాదు. విద్యుత్తును మోయు ఎలక్ట్రాను 1897వ సంవత్సరము వరకు తెలియరాలేదు. లోహములలో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు సమృద్ధిగా నుండును. వేడి పెరిగినపుడు లోహపు పరమాణువులు అధికముగా కంపించి వాని దారికి అడ్డుతగులును. కావున నిరోధము పెరుగును. అర్ధవాహకములను పదార్థములలో ఎలక్ట్రానులు చాలవరకు బంధింపబడి యుండును. వేడి వానిని విడిపించును. సంతలో దారి ఇరుకైనచో నడక తగ్గును. మూసియున్న తలుపులు తెరచినచో జనము బయలుదేరును. ఈ రెంటికిని గల భేదమే ఇచ్చటను కలదు.

గురుశిష్యులు కనుగొన్న రెండు సత్యములును కాలక్రమమున మానవులకు ఉపకరించెను. లోహముల గుణము నాధారముగా చేసికొని 1871వ సంవత్సరమున విలియం సీమెన్స్ ప్లాటినము తీగతో ఉష్ణోగ్రతను కొలుచు మార్గమును సూచింపగా, తరువాత కాలెండరు దానిని నిర్దుష్టము చేసెను. ఫారడే చూచిన గుణము ఇంచుమించు నూరేండ్లు నిరీక్షింపవలసి వచ్చెను. 1930వ సంవత్సర ప్రాంతమున శామ్యూల్ రూబెన్ అను అమెరికా దేశీయుడు ఉపయోగ యోగ్యమైన థర్మిస్టరును నిర్మించెను. థర్మిస్టరనగా ఉష్ణమును బట్టి నిరోధము మారు పరికరము. మాంగనీసు, నికెలు, కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడుల పొడిని అదిమి, కుమ్మరి కుండను కాల్చినట్లు కాల్చి దీనిని చేయుదురు. ప్లాటినము నిరోధము డిగ్రీకి సుమారు 0.4 శాతము పెరుగగా, థర్మిస్టరు నిరోధము సుమారు 4 శాతము తగ్గును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 10,000 ఓములున్న సామాన్య థర్మిస్టరు, శరీరోష్ణమగు 37 డిగ్రీల వద్ద దాదాపు 6,000 ఓములకు దిగును. ఇంతటి మార్పును చిన్న యంత్రము కూడ సులభముగా గుర్తింపగలదు.

అందుచేతనే జ్వరమును అంకెలలో చూపు డిజిటల్ ధర్మామీటరు కొనయందు థర్మిస్టరు నుంచుదురు. శీతల యంత్రములలో చల్లదనమును, సెల్‌ఫోను బ్యాటరీలో వేడిని అది కనిపెట్టుచుండును. నెలలు నిండక పుట్టిన పసికందును వెచ్చని పెట్టెలో నుంచినపుడు, శిశువు చర్మము నంటియుండి వేడి హెచ్చుతగ్గులను క్షణక్షణము తెలుపునది కూడ తరచు అదియే. కొన్ని యంత్రములలో విద్యుత్తు ఒక్కసారిగా ఉరకకుండ మొదట ఆపి, ప్రవాహముచే తానే వేడెక్కి పిదప దారి ఇచ్చును. దీపము లేకయే ఫారడే చూచిన వింత ఇట్లు కాపలాదారైనది.

ఫారడే పదవులను కోరలేదు. 1857వ సంవత్సరమున రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వచ్చినను వలదనెను. బాలురకై క్రిస్మసు దినములలో ఉపన్యాసములు చేయుట ఆయనకు ప్రీతి. వెలుగుచున్న క్రొవ్వొత్తి నొకదానిని చూపి రసాయన శాస్త్రమంతయు బోధింపగల నేర్పరి. 1858వ సంవత్సరమున విక్టోరియా రాణి ఆయనకు హాంప్టన్ కోర్టులో నివాసగృహ మొసగెను. అచ్చటనే 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన ఆయన పరమపదించెను.

థర్మిస్టరు పేరును ఫారడే వినలేదు. దాని ప్రయోజనమును ఊహించియు నుండడు. అయినను తన నియమమునకు అడ్డువచ్చిన సత్యమును దాచక వ్రాసెను. అందువలననే తరువాతివారు దానిని వెదకి పట్టుకొనగలిగిరి. నాటిన వానికి నీడ దక్కకున్నను చెట్టు నాటుట మానరాదు. శాస్త్రమునందు సత్యమును ఉన్నదున్నట్లు వ్రాసి యుంచుటయు అట్టి పుణ్యకార్యమే.