దుకాణాన్నే దానం చేసిన వైద్యుడు – హకీం అబ్దుల్ హమీద్

రంజాన్ నెల వచ్చిందంటే మన ఊళ్లలో కిరాణా కొట్ల ముందు ఎర్రటి షర్బత్ సీసాలు కనిపిస్తాయి. దాని పేరు రూహ్ అఫ్జా. మనలో చాలామంది రుచి చూసినవాళ్లమే. కానీ ఆ సీసాలు అమ్మగా వచ్చిన లాభంతో ఢిల్లీలో కాలేజీలు లేచాయని ఎంతమందికి తెలుసు? మాకూ మొన్నటి వరకు తెలియదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో హకీం అబ్దుల్ హమీద్ గారి జీవితాన్ని హాస్టల్ మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

ఆయన 1908 సెప్టెంబరు 14న ఢిల్లీలో జన్మించారు. తండ్రి హకీం హఫీజ్ అబ్దుల్ మజీద్ 1906లో పాత ఢిల్లీలోని హౌజ్ ఖాజీ ప్రాంతంలో చిన్న యునానీ మందుల దుకాణం పెట్టారు. దానికి హమ్‌దర్ద్ అని పేరు పెట్టారు. బాధను పంచుకునేవాడు అని ఆ మాటకు అర్థం. ఎండదెబ్బకు చలువ చేసేలా ఆయన తయారు చేసిన షర్బతే రూహ్ అఫ్జా.

1922లో తండ్రి చనిపోయారు. అప్పటికి అబ్దుల్ హమీద్ గారి వయసు సుమారు 14 ఏళ్లు. తమ్ముడు మహమ్మద్ సయీద్ రెండేళ్ల పసివాడు. తల్లి రాబియా బేగం గారు ధైర్యం కోల్పోకుండా వ్యాపారాన్ని నిలబెట్టారు. కొడుకు ఆమెకు తోడుగా నిలిచి పనంతా నేర్చుకున్నారు. తండ్రి లేని ఇంట్లో పెద్దకొడుకు బాధ్యత ఎలాంటిదో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన వైద్యం నేర్చుకుని హకీం అయ్యారు. చిన్న దుకాణం పెద్ద మందుల కంపెనీగా ఎదిగింది.

1947లో దేశ విభజన జరిగింది. ఢిల్లీ అల్లర్లతో అట్టుడికింది. 1948లో తమ్ముడు సయీద్ పాకిస్తాన్ వెళ్లి కరాచీలో కొత్తగా హమ్‌దర్ద్ ప్రారంభించారు. అన్నగారు మాత్రం ఢిల్లీ వదలలేదు. ఎవరి ఆస్తి వారు కాపాడుకుంటే చాలనుకునే ఆ రోజుల్లోనే, అదే 1948లో, తన వ్యాపారాన్ని వక్ఫ్ చేశారు.

వక్ఫ్ అంటే ఆస్తిని దేవుని పేర మంచి పనికి అంకితం చేయడం. ఒకసారి వక్ఫ్ చేశాక దాన్ని అమ్మకూడదు, వారసులు పంచుకోకూడదు. చెట్టును కొట్టకుండా కాయలు మాత్రమే కోసుకున్నట్లు, మూలధనం ముట్టుకోకుండా ఆదాయం మాత్రమే ఖర్చు పెట్టాలి. చూసుకునే వ్యక్తిని ముతవల్లీ అంటారు. మామూలుగా పొలాలు, ఇళ్లు, కొట్లగదులు వక్ఫ్ చేస్తారు. ఈయన నడుస్తున్న కంపెనీని చేశారు. పొలం ఊరికే ఉన్నా పొలమే. కంపెనీ అలా కాదు, రోజూ కష్టపడి నడిపితేనే ఆదాయం. కాబట్టి యజమానిగా కాక ముతవల్లీగా ఆయన జీవితాంతం పని చేశారు.

లాభాలను సేవకు ఖర్చు పెట్టడానికి 1964లో హమ్‌దర్ద్ నేషనల్ ఫౌండేషన్ ఏర్పడింది. ఢిల్లీ శివార్లలో తుగ్లకాబాద్ దగ్గర రాళ్ల నేల మీద ఒక్కొక్కటిగా సంస్థలు లేచాయి. 1963లో యునానీ వైద్య కళాశాల, 1972లో ఫార్మసీ కళాశాల వచ్చాయి. ఇవన్నీ కలిసి 1989లో జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయం అయ్యాయి. అక్కడ అన్ని మతాల వారూ చదువుకోవచ్చు. ఫార్మసీ చదివినవాడు సొంతంగా మందుల షాపు పెట్టుకోగలడు. యునానీ చదివినవాడు తన ఊళ్లోనే వైద్యశాల తెరవగలడు. చేతికి విద్య వస్తే ఉద్యోగం కోసమే ఎదురుచూడనక్కరలేదు కదా! ఉద్యోగాలు, వ్యాపారాల గురించి యువకులకు దారి చూపడానికి ఒక బ్యూరో కూడా పెట్టారు. సివిల్ సర్వీసు పరీక్షలకు తయారయ్యేవారికి, మనలాగే వసతితో కూడిన స్టడీ సర్కిల్ నడిపారు.

ప్రభుత్వం ఆయనకు 1965లో పద్మశ్రీ, 1992లో పద్మభూషణ్ ఇచ్చింది. ఇంత సంపద చేతుల మీదుగా నడిచినా ఆయన నిరాడంబరంగానే జీవించారు. తమ్ముడు కూడా కరాచీలో తన సంస్థను వక్ఫ్ చేశారు. ఆ తమ్ముడిని 1998 అక్టోబరులో హంతకులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది 1999 జూలై 22న అన్నగారు కన్నుమూశారు.

మిత్రులారా! పూర్వ విద్యార్థులం ప్రతి ఏటా కొంత డబ్బు పోగు చేస్తున్నాము. భోజనాలకు, షామియానాకు, మైకుకు అది ఒక్కరోజులోనే అయిపోతోంది. పదో తరగతి తప్పిన తమ్ముళ్లు మాత్రం మరుసటి రోజే కూలికి పోతున్నారు. కొంత సొమ్మును బ్యాంకులో కదల్చకుండా వేసి, ఏడాదికి వచ్చినదానితో ఒక్క తమ్ముడికైనా మోటారు వైండింగో, ఒక్క చెల్లికైనా కుట్టుపనో నేర్పిస్తే ఎలా ఉంటుంది? ఈసారి సమావేశంలో ఈ మాట అందరి ముందు పెడుతున్నాము. హమ్‌దర్ద్ కూడా ఒక చిన్న కొట్టుతోనే మొదలైందని మరువవద్దు.