లైటు లేని రోజుల్లో ఇంజన్ నాడి చూసిన నాయుడు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయే హైవే పక్కన మెకానిక్ షెడ్లకు ఎండాకాలంలో తీరిక దొరకదు. ఎండ, దుమ్ము రెండూ బండి మీదే పడతాయి. అక్కడికొచ్చే కార్లలో కొన్నిటి కంప్లెయింట్ ఒకటే: డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది, ఆరట్లేదు. స్కానర్ పెడితే పి0171 అని వస్తుంది. ఇంజన్‌లోకి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. దీన్ని లీన్ అంటారు. పి0172 వస్తే ఉల్టా, పెట్రోలు ఎక్కువైంది, అంటే రిచ్. కోడ్ చూసీ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేసే వాళ్లున్నారు. కొన్నాళ్లకు లైటు మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే కోడ్ చెప్పేది జ్వరం ఉందని మాత్రమే. ఎందుకొచ్చిందో వెతకాల్సింది మనిషే.

ఆ వెతికే పని మీదే బతుకు కట్టుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నారు. స్కానర్ కాదు కదా, కాలేజీ డిగ్రీ కూడా లేదు. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరికీ జి.డి. నాయుడు.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగింది. బడిలో కూర్చోవడం ఆయనకు అస్సలు పడేది కాదంటారు. ఒకరోజు ఊళ్లోకి ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. రడ్జ్ కంపెనీ బండి. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి కదులుతోంది! ఆ కుర్రాడి బుర్ర అక్కడే ఇరుక్కుపోయింది. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు.

కొన్నాక ఊరంతా తిప్పి గొప్పలు పోలేదు. బండిని ముక్కలు ముక్కలుగా విప్పేశారు. మళ్లీ బిగించారు. ఏ భాగం ఎందుకుందో అలా విప్పుతూ, బిగిస్తూ నేర్చుకున్నారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇంటర్న్‌షిప్పే, కాకపోతే స్టైపెండ్ ఎదురు తనే ఇచ్చుకున్నారు.

తర్వాత దారి నేరుగా సాగలేదు. పత్తి వ్యాపారం చేసి, బొంబాయి దాకా వెళ్లి డబ్బు పోగొట్టుకున్నారు. కోయంబత్తూరులో మిల్లులు పెట్టిన రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు ఆయన్ను నమ్మి డబ్బు సాయం చేశాడు. 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా కంపెనీ అయింది. చక్కగా నడిచే బస్సులుగా వాటికి దేశంలోనే పేరొచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. బస్సుల వ్యాపారంలో డబ్బు మిగలాలంటే బండి దారిలో ఆగకూడదు, డీజిలో పెట్రోలో వృథాగా కాలకూడదు. అప్పటి పెట్రోలు ఇంజన్లలో మిశ్రమం కలిపేది కార్బురేటర్. అది తప్పితే లైటు వెలగదు, కోడ్ రాదు. మెకానిక్ స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూస్తాడు. మసి నల్లగా పట్టి ఉంటే రిచ్. తెల్లగా మాడినట్టుంటే లీన్. లేత గోధుమరంగుంటే బాగున్నట్టు. పొగగొట్టంలో నల్లపొగా, కార్బురేటర్‌లోంచి టప్‌టప్‌మని ఎదురుకొట్టే చప్పుడా అని కన్ను, చెవి, ముక్కు అన్నీ వాడాల్సిందే. నాయుడు అక్కడితో ఆగలేదు. చెవికి అందనిది కూడా పట్టాలని, అదురును బట్టి ఇంజన్ లోపం కనిపెట్టే వైబ్రేటర్ టెస్టర్ తయారుచేశారు. బండిలో రోగం ఉందో లేదో చెప్పే పనిని మనిషి అంచనా నుంచి పరికరం మీదకు తెచ్చే ప్రయత్నమది. మన చెక్ ఇంజన్ లైటు వెనకున్న ఆలోచన కూడా అదే కదా.

ఇప్పుడా పని ఆక్సిజన్ సెన్సర్ చేస్తోంది. పొగగొట్టంలో కూర్చుని, మిగిలిన ఆక్సిజన్ ఎంతో ఇంజన్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఒక వంతు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 వంతుల గాలి ఉంటే సరిగ్గా కాలుతుంది. తేడా వస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఎక్కువసేపో తక్కువసేపో తెరిచి సర్దుతుంది. ఈ సర్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సర్దీ సర్దీ హద్దు దాటినప్పుడే లైటు వెలుగుతుంది. స్కానర్‌లో ఈ ట్రిమ్ అంకె చూడటం వస్తే సగం పని అయినట్టే. లీన్ కోడ్ వచ్చిన బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ట్రిమ్ బాగా ఎక్కువుండి, 2,500 ఆర్‌పీఎంకు పెంచితే తగ్గిందంటే, ఎక్కడో వాక్యూమ్ పైపు చీలి దొంగగాలి దూరుతోందని అనుమానించాలి. ఎండకు రబ్బరు పైపులు పగిలే మన ప్రాంతంలో ముందు చూడాల్సింది ఇదే. అలా కాకుండా ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే, పెట్రోలు చాలినంత రావట్లేదు. పంపు, ఫిల్టర్ చూడాలి. గాలిని కొలిచే సెన్సర్‌కు దుమ్ము పట్టినా ఇలాగే అవుతుంది. చూశారా, రెండు చోట్లా కోడ్ పి0171నే. తేడా చెప్పేది ఆలోచన.

నాయుడు బస్సుల దగ్గరే ఉండిపోలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో తయారుచేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలో మొదటిదిగా పేరు పొందింది. డ్రై సెల్స్‌తో నడిచే రేజర్, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, ఓట్లు నమోదుచేసే యంత్రం ఇలా జాబితా పెద్దదే. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తెచ్చారు. ధర 2 వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు, కారు అక్కడితో ఆగిపోయింది.

నాకు మాత్రం ఆయన కారు కంటే కాలేజీ కథే ఎక్కువ ఆసక్తి. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. నాయుడే ప్రిన్సిపాల్. మూడో నాలుగో తరగతులు చదివిన మనిషి ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్, ఊహించుకోండి. నాలుగేళ్ల కోర్సు టైం వేస్ట్, చేత్తో పని చేయిస్తూ చెబితే రెండేళ్లు చాలు అన్నది ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటికొచ్చేశారు. ఆ కాలేజీనే ఇప్పటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

ఎవరిది కరెక్టు? నాయుడిది పూర్తిగా కరెక్టని నేననను. ఆయన విప్పిన రడ్జ్‌లో కంప్యూటర్ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక స్కూటర్‌కు కూడా సెన్సర్లు వచ్చాయి. సెన్సర్ వోల్టేజీ ఎందుకు ఊగుతుందో తెలియకుండా వట్టి స్పానర్‌తో దీన్ని ఎవరూ పట్టలేరు, దానికి పుస్తకం కావాల్సిందే. కానీ నాలుగేళ్లు థర్మోడైనమిక్స్ చదివి, ఒక్కసారి కూడా స్పార్క్ ప్లగ్ విప్పకుండా సర్వీస్ అడ్వైజర్ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లను చూసినప్పుడు ఆయన కోపం ఎందుకో అర్థమవుతుంది. ఆటోమొబైల్ సర్వీస్ ఉద్యోగం వైపు చూస్తున్న డిప్లొమా, బీటెక్ వాళ్లకు ఒక మాట: చౌకలో దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి తీసుకుని, తెలిసినవాళ్ల కారుకు పెట్టి, లైటు లేనప్పుడు ట్రిమ్ ఎలా ఉంటుందో రాసుకోండి. బాగున్న బండి ఎలా ఉంటుందో తెలిస్తేనే బాగాలేనిది తెలుస్తుంది.

1974 జనవరి 4న నాయుడు చనిపోయారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట మ్యూజియం ఉంది, పాత కార్లతో మరో మ్యూజియం కూడా. అటు ఇంటర్వ్యూకో పరీక్షకో వెళితే ఒక పూట మిగుల్చుకోండి. అక్కడి పాత కార్లలో చాలావాటి బానెట్ల కింద ఉన్నవి కార్బురేటర్లే.