పొరుగుకూ ప్రపంచానికీ నడుమ.. పీవీ దౌత్యం

మియాపూర్, చందానగర్‌ల మధ్య ముంబయి రహదారిపై ఉన్న మదీనాగూడ నుంచి ఎందరో ఐటీ ఉద్యోగులు నిత్యం హైటెక్ సిటీకి తరలివెళ్తుంటారు. విదేశీ కంపెనీల రాకకు బాట వేసినవి 1991 నాటి ఆర్థిక సంస్కరణలు. వాటి సారథి పాములపర్తి వేంకట నరసింహారావు. విదేశాంగ నీతిలోనూ ఆయనది ప్రత్యేక ముద్ర.

పీవీ 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించారు. నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నారు. 1971 నుంచి 1973 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఇందిర, రాజీవ్ మంత్రివర్గాల్లో విదేశాంగ శాఖను నిర్వహించారు. 1991 జూన్ 21న ప్రధాని పదవి చేపట్టారు.

అప్పటికే విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. ఆ డిసెంబరులో చిరకాల మిత్రదేశం సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. అమెరికాతో సఖ్యత అవసరమైంది. అయితే గల్ఫ్ చమురును, అక్కడి ప్రవాస భారతీయుల ఉపాధిని విస్మరించే వీలు లేదు. అందుకే 1992 జనవరిలో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌కు ఢిల్లీలో ఆతిథ్యమిచ్చిన పీవీ, అదే నెల 29న ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పారు.

ఇంట రేగిన కలత పొరుగు సంబంధాలపైనా నీడ పరచింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేతను నివారించలేకపోవడం ఆయన పాలనపై మాయని మచ్చగా మిగిలింది. ఆ కల్లోలం వల్ల వాయిదాపడిన ఢాకా సార్క్ సదస్సు చివరకు 1993 ఏప్రిల్‌లో జరిగింది. దక్షిణాసియా ప్రాధాన్య వాణిజ్య ఒప్పందంపై సభ్యదేశాలు అక్కడే సంతకాలు చేశాయి.

1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదిరింది. అదే నెలలో పీవీ ఇరాన్‌లో పర్యటించారు. 1994 మార్చిలో జెనీవాలో కశ్మీర్‌పై పాకిస్థాన్ తెచ్చిన తీర్మానం వీగిపోకముందే ఉపసంహరణకు గురైంది. ఇందుకు ఈ రెండు దేశాల వైఖరి తోడ్పడింది. అక్కడికి వెళ్లిన భారత బృందానికి ప్రతిపక్ష నేత వాజ్‌పేయీని సారథిగా పంపడం పీవీ రాజనీతికి నిదర్శనం.

తూర్పు దేశాలపైనా ఆయన దృష్టి సారించారు. 1992లో ఆసియాన్‌కు రంగాలవారీ భాగస్వామి అయిన భారత్‌కు, 1995లో పూర్తిస్థాయి చర్చా భాగస్వామి హోదా ఖరారైంది. అమెరికాకు చేరువవుతూనే అణు వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకానికి నిరాకరించారు.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూసిన పీవీకి హైదరాబాద్‌లో హుసేన్‌సాగర్ తీరాన అంత్యక్రియలు జరిగాయి. 2024లో భారతరత్న వరించింది. ఒక చెలిమి కోసం మరొకటి వదులుకోనక్కర్లేదన్న ఆయన బాటను తర్వాతి ప్రభుత్వాలూ అనుసరించాయి.