ఎల్లాప్రగడవారి పసుపువన్నె పొడి

రాచపుండును కోసి తీయడంలో శస్త్రవైద్యునికి కత్తి పట్టడంకంటె కంటితో పోల్చుకోవడం కష్టం. అండాశయంలో పుట్టిన క్యాన్సరు ఒక్కొక్కప్పుడు కడుపులోని పొరలమీద ఆవగింజలవలె చెదరి పడుతుంది. వాటిలో ఏది రోగపు ముక్క, ఏది ఆరోగ్యమైన కండ అన్నది చూపుకూ వేలికొనకూ అందినంతవరకే తెలుస్తుంది. అందనిది లోపలే ఉండిపోయి, కొంతకాలానికి మళ్ళీ పెరుగుతుంది. ఈ చీకటిలో శస్త్రవైద్యునికి ఇటీవల ఒక దీపం దొరికింది. ఆ దీపాన్ని రోగమున్న చోటికి నడిపించే పదార్థం వెనుక భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని జీవితమున్నది. విచిత్రమేమంటే, విద్యార్థిదశలో ఆయనకు అచ్చిరానిది శస్త్రవైద్యమే!

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స చేసే గదిలోనూ ఖద్దరు అంగీయే తొడిగారు. శస్త్రవైద్యం బోధించే ఆంగ్లేయాచార్యునికి అది కంటగింపయింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. సోదరులను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నవారాయన. అది మన వైద్యులు చెప్పే సంగ్రహణి వంటిది. తిన్నది వంటబట్టదు, రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోతాడు.

1920ల ఆరంభంలో, భార్య శేషగిరిని ఇంట విడిచి, ఆయన అమెరికాలోని బోస్టను చేరారు. మరల స్వదేశం చూడలేదు. పొట్టగడవడానికి ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను వారు ఆ తరువాతి నాలుగేండ్లలో వెలికితీశారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధసంస్థకు తరలిపోయారు.

అక్కడ ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన శాస్త్రజ్ఞుల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. చూడడానికి పసుపువన్నె పొడి. కాలేయంలోనూ ఆకుకూరల్లోనూ అత్యల్పంగా దొరికే ఈ విటమిను, సీసాలకెత్తుకోగలిగినంత చేతికి వచ్చింది. స్ప్రూ రోగులకు ఇస్తే కోలుకున్నారు. సోదరులకు అందని మందు లోకానికి అందింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే జీవకణం రెండుగా చీలి వృద్ధిపొందలేదు. అదుపులేక చీలిపోయే క్యాన్సరు కణానికి దాని అవసరం మరీ ఎక్కువ. కనుక దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. గుణం తాత్కాలికమే; కాని అంతకుముందు ఆ పిల్లలకు ఆ మాత్రం ఆశ కూడ లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఆ ఆగస్టులోనే, 53 ఏండ్ల వయస్సులో, సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

ఇక దీపం సంగతి. అనేక అండాశయ క్యాన్సరు కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలను తమ పైపొరమీద విస్తారంగా మొలిపించుకుంటాయి. ఈ ఆకలినే ఎరగా వాడుకోవచ్చునని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫిలిప్ లో మొదలైనవారు తలచారు. ఫోలిక్ ఆమ్లానికి ప్రతిదీప్తినిచ్చే రంగును ముడివేసి రక్తంలోకి ఎక్కిస్తే, కణం ఆహారమనుకొని పట్టుకుంటుంది. తగిన కాంతి పడగానే వెలుగుతుంది. నెదర్లాండ్స్‌లో రోగులపై చేసిన తొలి ప్రయత్నం 2011లో వెలువడింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుతో చేసిన పాఫోలాసియనిన్ అనే మందుకు 2021 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది. దాని వెలుగు పరారుణం కనుక కంటికి కానరాదు; కెమెరా దానిని పట్టి తెరమీద చూపుతుంది. పరీక్షించిన 134 మంది స్త్రీలలో 26.9 శాతం మందికి, చూపుకూ స్పర్శకూ అందని క్యాన్సరు ముక్క కనీసం ఒకటైనా ఈ వెలుగులో బయటపడింది. మరుసటి సంవత్సరం ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకూ అనుమతి వచ్చింది. వెలిగినదంతా రోగం కాదు. ఆరోగ్యమైన భాగాలు సైతం కొన్ని వెలుగుతాయి. నిర్ణయం వైద్యునిదే.

ఈ శస్త్రచికిత్సకు వచ్చే రోగికి ఒక నియమమున్నది. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వేసుకుంటున్నట్లయితే 48 గంటల ముందే మానివేయాలి. లేకపోతే గ్రాహకాలన్నీ సుబ్బారావుగారి పసుపువన్నె పొడితోనే నిండిపోయి, దీపానికి చోటు దొరకదు.