దర్జీ కొడుకు లాంబర్ట్

పేదరికం బడిని మాన్పించగలదు గాని, చదువును మాన్పించలేదు. ఈ సత్యానికి యోహాన్ హైన్‌రిష్ లాంబర్ట్ జీవితమే నిదర్శనం.

లాంబర్ట్ 1728 ఆగస్టు 26న మ్యులూజ్ నగరంలో జన్మించాడు. నాడు అది స్విస్ సమాఖ్యతో పొత్తుగల స్వతంత్ర నగరం. నేడు ఫ్రాన్సులో ఉంది. తండ్రి దర్జీ. సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. అందుచేత పన్నెండేళ్ళకే లాంబర్ట్ బడి మాని, తండ్రికి పనిలో తోడ్పడవలసి వచ్చింది. ఇంటి కష్టం వల్ల పలక విడిచి మగ్గం పనికి వెళ్ళిన పిల్లలు షోలాపూరు నేతవాడలలోనూ ఉన్నారు. లాంబర్ట్ మాత్రం పగలు పనిచేసి, రాత్రులు పుస్తకాలు చదివాడు.

పదిహేనేళ్ళ వయసులో ఇనుప కర్మాగారంలో గుమాస్తాగా చేరాడు. పదిహేడేళ్ళకు బాసెల్ నగరంలో ఒక పత్రికా సంపాదకుని వద్ద కార్యదర్శి అయ్యాడు. 1748లో కూర్ పట్టణంలో ఒక ధనిక కుటుంబపు పిల్లలకు గురువుగా కుదిరాడు. ఆ ఇంటి గ్రంథాలయమే ఆయనకు విశ్వవిద్యాలయం. గణితం, భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం స్వయంకృషితో నేర్చుకొన్నాడు. కాంతిని కొలిచే విధానంపై 1760లో గొప్ప గ్రంథం ప్రచురించాడు.

1764లో లాంబర్ట్ బెర్లిన్ చేరాడు. ఆయన వింత వేషం, మాటతీరు చూసి ఫ్రెడరిక్ రాజు మొదట విముఖుడయ్యాడు. కాని విద్వత్తే గెలిచింది. 1765లో ఆయనకు బెర్లిన్ అకాడమీలో సభ్యత్వం లభించింది.

పై విలువకు బడిలో వాడే 22/7 ఉజ్జాయింపు మాత్రమే. ఆ విలువను ఏ భిన్నంగానూ కచ్చితంగా వ్రాయడం సాధ్యం కాదని 1768లో వెలువడిన పరిశోధనలో లాంబర్ట్ నిరూపించాడు.

వృత్తం ఆధారంగా సైన్, కొసైన్ విలువలు ఏర్పడినట్లే, అతిపరావలయమనే వక్రరేఖ ఆధారంగా హైపర్బోలిక్ సైన్, హైపర్బోలిక్ కొసైన్ ఏర్పడతాయి. ఇటలీ పండితుడు విన్సెంజో రికాటి 1757లో వీటిని ప్రవేశపెట్టాడు. లాంబర్ట్ వీటిని పెంపొందించి, 1770లో విలువల పట్టికలు అచ్చువేయించాడు. ఆ లెక్కలన్నీ చేతితో చేసినవే.

నేడు ఆ శ్రమను కంప్యూటర్ స్ప్రెడ్‌షీటు క్షణంలో చేస్తుంది. గడిలో సమం గుర్తు, సి.ఓ.ఎస్.హెచ్. అనే అక్షరాలు, కుండలీకరణంలో 1 వ్రాస్తే 1.543 వస్తుంది. ఎస్.ఐ.ఎన్.హెచ్. అని వ్రాస్తే 1.175 వస్తుంది. వీటి ఉపయోగం నేతవాడలోనే కనిపిస్తుంది. నూలు ఆరవేయడానికి ముందు రెండు కొయ్యల మధ్య వదులుగా కట్టిన వట్టి తాడు వంపు హైపర్బోలిక్ కొసైన్ రూపమే. ఒకే ఎత్తులో, 20 అడుగుల ఎడంలో దానిని కట్టారనుకొందాం. 1.175ను 20తో గుణిస్తే 23.5 అడుగులు తాడు పొడవు. 1.543 నుండి 1 తీసివేసి 10తో గుణిస్తే 5.43 అడుగులు, అంత పొడవు తాడు నడిమిన అంత కిందికి వంగుతుంది.

లాంబర్ట్ 1777 సెప్టెంబరు 25న, 49 ఏళ్ళ వయసులో బెర్లిన్‌లో మరణించాడు. పన్నెండేళ్ళకు ఆగిన బడి ఆయన జ్ఞానతృష్ణను ఆపలేకపోయింది. కష్టపడే చేతులకు లోతుగా ఆలోచించే శక్తి కూడా ఉంటుందని ఆయన జీవితం చాటుతున్నది.