మార్గరెట్ కజిన్స్

మార్గరెట్ ఎలిజబెత్ కజిన్స్ (1878 - మార్చి 11, 1954) ఐర్లండులో జన్మించి భారతదేశాన్ని కర్మభూమిగా చేసుకొన్న పియానో విద్వాంసురాలు, ఉపాధ్యాయిని, మహిళా ఉద్యమ నాయకురాలు. ఈమె ప్రముఖ ఐరిష్ కవి జేమ్స్ హెచ్. కజిన్స్ భార్య. 1919లో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో, రవీంద్రనాథ్ ఠాగూరు సమక్షంలో, జనగణమన గీతానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపిని వ్రాసిన వ్యక్తిగా ఈమె పేరు తెలుగువారికి సుపరిచితం. అయితే ఈమె కృషి ఆ ఒక్క గీతంతో ముగిసేది కాదు. భారత మహిళలకు ఓటు హక్కు సాధించే ఉద్యమానికి తొలి అడుగులు వేసినవారిలో ఈమె ఒకరు.

బాల్యం, విద్యాభ్యాసం

మార్గరెట్ ఐర్లండులోని రాస్‌కామన్ ప్రాంతానికి చెందిన బాయిల్ అనే చిన్న పట్టణంలో, గిలెస్పీ అనే మెథడిస్టు క్రైస్తవ కుటుంబంలో జన్మించింది. ఆ ఇంట ఈమె తొలి సంతానం. ఇంట్లోవారు, స్నేహితులు ఈమెను గ్రెటా అని పిలిచేవారు. పాఠశాల విద్యను డెర్రీ నగరంలో పూర్తిచేసిన తరువాత డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి సంగీతం అభ్యసించింది. 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్ నుండి సంగీతంలో పట్టభద్రురాలై, సంగీత ఉపాధ్యాయినిగా జీవితం ప్రారంభించింది.

పియానో నేర్చుకొనేవారికి డబ్లిన్ ఒక విధంగా పుణ్యక్షేత్రం వంటిది. నాక్టర్న్ అనే సంగీత ప్రక్రియకు ఆద్యుడైన జాన్ ఫీల్డ్ 1782లో ఆ నగరంలోనే జన్మించాడు. నాక్టర్న్ అంటే రాత్రివేళ ప్రశాంతతను స్ఫురింపజేసే చిన్న కృతి. ఎడమచేయి అలలవలె తోడు పలుకుతూ ఉండగా కుడిచేయి పాటను వినిపిస్తుంది. ఈ ప్రక్రియను తరువాత పోలెండు దేశస్థుడైన షోపాన్ శిఖరస్థాయికి చేర్చాడు.

మార్గరెట్ విద్యార్థినిగా ఉన్న కాలానికి పియానో సంగీతం ఎంతో వైవిధ్యాన్ని సంతరించుకొన్నది. ఆ వాద్యంతో పరిచయం లేని తెలుగు పాఠకులు ఆ కాలపు సంగీతాన్ని వినదలచినచో ఫీల్డ్, షోపాన్‌ల నాక్టర్న్‌లతో మొదలుపెట్టవచ్చును. పాటను గుర్తుపట్టడం వీటిలో సులభం. ఆ తరువాత బాఖ్ రచించిన వెల్-టెంపర్డ్ క్లేవియర్ వినదగినది. రెండు మూడు రాగధారలు ఒకదానినొకటి వెంటాడుతూ సాగే తీరు మన సంగీతంలో కనిపించని అనుభవాన్ని ఇస్తుంది. షూమన్ రచించిన బాల్యదృశ్యాలు చిన్న చిన్న పదచిత్రాల వంటివి. ఫ్రెంచి స్వరకర్తలలో ఎరిక్ సాటీ రచించిన జిమ్నోపెడీలు (1888), డెబుసీ రచించిన క్లెయిర్ ద లూన్ (1905) నెమ్మదిగా సాగుతూ మనస్సుకు విశ్రాంతినిస్తాయి. వీటికి పూర్తిగా భిన్నమైనది అమెరికా నల్లజాతి స్వరకర్త స్కాట్ జోప్లిన్ రచించిన మేపుల్ లీఫ్ ర్యాగ్ (1899). ఎడమచేతి లయ నిలకడగా ఉండగా కుడిచేతి స్వరాలు తాళానికి ఎదురుపడి పడతాయి. మన లయవిన్యాసాలకు అలవాటుపడిన చెవికి ఇది త్వరగా దగ్గరౌతుంది.

వివాహం, ఓటు హక్కు పోరాటం

1903లో మార్గరెట్, జేమ్స్ కజిన్స్‌ల వివాహం జరిగింది. ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో పాల్గొన్న రచయితలతో వీరికి సన్నిహిత పరిచయం ఉండేది. యువకుడైన జేమ్స్ జాయిస్ 1904లో కొద్దిరోజులు వీరి ఇంట అతిథిగా ఉన్నాడు. దంపతులిద్దరూ శాకాహారులు. దివ్యజ్ఞాన సమాజ భావాల పట్ల ఆకర్షితులైనవారు.

1908లో హానా షీహీ స్కెఫింగ్టన్ మొదలైనవారితో కలిసి ఈమె ఐరిష్ మహిళా ఓటు హక్కు సంఘాన్ని స్థాపించింది. 1910లో లండనులో జరిగిన నిరసనలో పాల్గొని హాలోవే కారాగారంలో ఒక నెల శిక్ష అనుభవించింది. 1913లో డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగులగొట్టినందుకు మరల ఒక నెల శిక్ష పడి టల్లమోర్ జైలుకు పంపబడింది. తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని సహచరులతో కలిసి అక్కడ నిరాహారదీక్ష చేసి, ఆ కోరికను సాధించుకొన్నది. ఆ సంవత్సరమే దంపతులు ఐర్లండు విడిచి లివర్‌పూల్ చేరారు.

మదనపల్లె జీవితం

అనీబిసెంట్ ఆహ్వానంపై 1915లో కజిన్స్ దంపతులు భారతదేశానికి వచ్చారు. జేమ్స్ మొదట మద్రాసులో న్యూ ఇండియా పత్రికలో పనిచేశాడు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం వలన ఆ ఉద్యోగం పోయింది. తరువాత అనీబిసెంట్ ఆయనను మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. 1915లో స్థాపించబడిన ఆ కళాశాలకు ఆయన తరువాత ప్రధానాచార్యుడైనాడు.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, హార్స్‌లీ కొండలకు సమీపంలో ఉన్న చల్లని పట్టణం. జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లా నుండి ఆ జిల్లాలో చేరింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది.

ఇక్కడ మార్గరెట్ ఉపాధ్యాయినిగా పనిచేస్తూనే, ఇల్లు దాటి రాని స్త్రీలను ఒకచోట చేర్చే ప్రయత్నం చేసింది. ఆ సమావేశాల నుండి అబలా అభివర్ధినీ సమాజం రూపుదిద్దుకొన్నది. పేరులో అబల అన్న మాట ఉన్నప్పటికీ, ఆ సమాజం నేర్పినది కలిసి మాట్లాడుకొనే బలాన్ని. తరువాత అఖిల భారత స్థాయిలో ఈమె నిర్మించిన సంస్థలకు మదనపల్లె అనుభవం పునాదిగా ఉపయోగపడింది.

జనగణమన స్వరలిపి

ఠాగూరు రచించిన జనగణమన మొదటిసారిగా 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడబడింది. 1919లో దక్షిణ భారత పర్యటనలో ఉన్న ఠాగూరు, జేమ్స్ కజిన్స్ ఆహ్వానంపై ఫిబ్రవరి చివరి వారంలో మదనపల్లె వచ్చి కొద్దిరోజులు విశ్రాంతి తీసుకొన్నాడు. కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు వారానికొకసారి సాయంత్రం పాటల కోసం సమావేశమయ్యేవారు. అటువంటి ఒక సమావేశంలో ఠాగూరు ఈ గీతాన్ని స్వయంగా పాడి వినిపించాడు. అర్థం పూర్తిగా తెలియకపోయినా విద్యార్థులు పల్లవిని అందుకొని గొంతు కలిపారు.

తరువాత ఠాగూరు ఈ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి, భారత ప్రభాత గీతం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ వ్రాతప్రతి ఫిబ్రవరి 28, 1919 నాటిది. మార్గరెట్ ఆయన పాడిన వరుసను జాగ్రత్తగా విని, ఆయన ఆమోదంతో స్వరలిపిలో నమోదు చేసింది. కళాశాల ఈ పాటను తన ప్రార్థనాగీతంగా స్వీకరించింది.

ఈ విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. జాతీయగీతానికి బాణీ కట్టినది మార్గరెట్ అని కొన్నిచోట్ల వ్రాస్తారు. అది సరికాదు. సాహిత్యం, వరుస రెండూ ఠాగూరువే. ఈమె రాకకు ముందే ఆ పాట ప్రజల మధ్య ఉన్నది. దినేంద్రనాథ్ ఠాగూరు వ్రాసిన బెంగాలీ స్వరలిపి కూడా ఉన్నది. మార్గరెట్ చేసిన పని వేరు. నోటి నుండి నోటికి సాగే పాటను పాశ్చాత్య వాద్యకారులు చదువగల లిపిలో నిలిపింది. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించడం వలన ఈమె గౌరవం తగ్గదు.

పాశ్చాత్య స్వరలిపిలో ఐదు గీతలపై చుక్కల స్థానం స్వరం ఎత్తును, చుక్క ఆకారం దాని కాలపరిమాణాన్ని తెలుపుతాయి. పాటను ఎన్నడూ వినని వ్యక్తి సైతం కాగితం చూచి దానిని వాయించగలడు. పియానోకు మాత్రం ఒక పరిమితి ఉన్నది. మీటను నొక్కగానే లోపలి సుత్తి తీగను తాకి ఒక స్థిరమైన స్వరాన్ని పలికిస్తుంది. ఆ తరువాత స్వరాన్ని జార్చడానికి, ఊపడానికి వీలుండదు. అందుచేత గమకాలపై ఆధారపడిన తోడి వంటి రాగాలు దానిపై సహజంగా పలుకవు. కాని జనగణమన వరుస హిందుస్తానీ పద్ధతిలో బిలావల్‌కు, మన పద్ధతిలో శంకరాభరణ స్వరాలకు సమీపమైనది. పాశ్చాత్యుల మేజర్ స్కేలు కూడా అదే. అనేకులు కలిసి పాడేందుకు అనువుగా స్వరాలు నిలకడగా సాగుతాయి. అందువలన అది ఐదు గీతల లిపిలో ఇమిడిపోగలిగింది. ఇదే సారూప్యం వలన అంతకు నూరేళ్ళకు పైగా ముందే ముత్తుస్వామి దీక్షితులు ఐరోపా వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి, శంకరాభరణంలో నొట్టుస్వరాలను రచించగలిగాడు. దీక్షితులు పడమటి పాటను ఇటు తెచ్చాడు. మార్గరెట్ తూర్పు పాటను అటు అందించింది.

1950 జనవరి 24న రాజ్యాంగ సభ జనగణమనను జాతీయగీతంగా ప్రకటించింది. దీనిని పూర్తిగా పాడడానికి నిర్ణీత కాలం సుమారు 52 సెకండ్లు.

మహిళా ఉద్యమంలో పాత్ర

1917 మే 8న మద్రాసు అడయారులో మహిళా భారత సంఘం స్థాపించబడింది. అనీబిసెంట్ అధ్యక్షురాలు కాగా, మార్గరెట్, డొరోతీ జినరాజదాస సంస్థాపకులలో ముఖ్యులు. 1918 నుండి ఈ సంఘం వెలువరించిన స్త్రీధర్మ పత్రికలో ఆంగ్లంతో పాటు తెలుగు, తమిళ రచనలకు కూడా చోటు ఉండేది.

1917లో భారత రాజ్యాంగ సంస్కరణల విచారణకై మాంటేగు వచ్చినప్పుడు, స్త్రీవిద్య గురించి విన్నవించడానికి మార్గరెట్ అనుమతి కోరింది. రాజకీయ విషయాలపై మాత్రమే విన్నపాలు స్వీకరిస్తామని జవాబు వచ్చింది. వెంటనే ఆమె విన్నపంలో ఓటు హక్కును చేర్చింది. ఆ డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల ప్రతినిధివర్గం మద్రాసులో మాంటేగును కలిసింది. భారత మహిళలు ఓటు హక్కును అధికారికంగా కోరిన తొలి సందర్భం ఇది. 1919 నాటి చట్టం ఈ నిర్ణయాన్ని రాష్ట్ర శాసనసభలకు వదిలివేసింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆమోదం తెలిపింది. ఆస్తి అర్హత వలన అది కొద్దిమంది స్త్రీలకే వర్తించినా, తలుపు తెరుచుకొన్నది.

1919-20లో మార్గరెట్ మంగళూరులోని జాతీయ బాలికా పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయిని. 1922లో మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా నియమితురాలై, భారతదేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళగా పేరుపొందింది. 1926 ఎన్నికలలో మద్రాసు శాసనమండలికి పోటీచేయవలసిందిగా కమలాదేవి ఛటోపాధ్యాయను ప్రోత్సహించింది. కమలాదేవి స్వల్ప తేడాతో ఓడిపోయింది.

మార్గరెట్ విజ్ఞప్తి ఫలితంగా 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ తొలి సమావేశం జరిగింది. బాల్యవివాహాలను నిషేధించే 1929 నాటి శారదా చట్టానికి ఈ సభ గట్టి మద్దతునిచ్చింది. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాలను నెలకొల్పింది. 1931లో లాహోరులో జరిగిన అఖిల ఆసియా మహిళా సభ వెనుక కూడా మార్గరెట్ కృషి ఉన్నది.

1932లో ప్రభుత్వ అత్యవసర శాసనాలను బహిరంగంగా నిరసించినందుకు ఈమెకు ఒక సంవత్సరం జైలుశిక్ష విధించారు. ఆ శిక్షను చిత్తూరుకు చేరువలోని వేలూరు మహిళా కారాగారంలో అనుభవించింది. ఇంగ్లండు, ఐర్లండు, భారతదేశం అనే మూడు దేశాల జైళ్ళను చూచిన సంగీత ఉపాధ్యాయినులు అరుదు.

కాలక్రమంలో భారత మహిళలే ఉద్యమ నాయకత్వాన్ని స్వీకరించారు. తన ప్రత్యక్ష పాత్ర ఇక అవసరం లేదని, కొందరు నాయకురాళ్ళు దానిని కోరుకోవడం లేదని గ్రహించిన మార్గరెట్ ముందువరుస నుండి తప్పుకొన్నది. పోరాటంలో ఉండాలన్న కోరిక మనస్సులో ఉన్నా, ఈ మార్పును అంగీకరించింది. తాను కోరిన స్వావలంబన ఇదే గనుక, ఆమె కృషికి ఇది పరాజయం కాదు, ఫలితం.

రచనలు

* ది అవేకెనింగ్ ఆఫ్ ఏషియన్ వుమన్‌హుడ్ (1922)
* ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్ (1935) - తూర్పు పడమరల సంగీతాల పరస్పర అవగాహనకై వ్రాసిన వ్యాసాల సంపుటి.
* ఇండియన్ వుమన్‌హుడ్ టుడే (1941)
* వి టూ టుగెదర్ (1950) - భర్తతో కలిసి వ్రాసిన ఆత్మకథ. మదనపల్లెలో ఠాగూరు బస గురించిన వివరాలు ఇందులో ఉన్నాయి.

చివరి రోజులు

జేమ్స్ 1933 నుండి 1937 వరకు మరల మదనపల్లె కళాశాల ప్రధానాచార్యుడుగా పనిచేశాడు. 1940వ దశకంలో మార్గరెట్ పక్షవాతానికి గురైంది. పియానో మెట్లపై పరుగెత్తిన వ్రేళ్ళు కదలికను కోల్పోయాయి. స్వాతంత్ర్యానంతరం మద్రాసు ప్రభుత్వం, జవహర్‌లాల్ నెహ్రూ ఈమె సేవలను గుర్తించి ఆర్థిక సహాయం అందించారు. 1954 మార్చి 11న మార్గరెట్ కన్నుమూసింది. జేమ్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో మరణించాడు.

నాడు మదనపల్లె విద్యార్థులు ప్రార్థనలో పాడిన పాటను తరువాత దేశమంతటా పాఠశాలల పిల్లలు నేర్చుకొన్నారు. ఆ పాట ఠాగూరుది. దానిని శ్రద్ధగా విని, తన పేరు చేర్చుకోకుండా ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టిన సంగీత ఉపాధ్యాయిని మార్గరెట్ కజిన్స్.